రిపోర్టు నార్మల్, మనిషి కాదు: ఎండోమెట్రియోసిస్‌కూ మనసుకూ పడిన ముడి

మా పిన్ని కూతురి బీరువాలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంది. బట్టల షాపువాళ్లు ఇచ్చిన దళసరి కవరు, చెవులు సాగిపోయి ఉంటుంది. అందులో అల్ట్రాసౌండ్ రిపోర్టులు ఏడు. గ్యాస్ ట్రబుల్ అనుకుని చేయించిన ఎండోస్కోపీ ఒకటి. మూత్రం కల్చర్ రెండుసార్లు. అపెండిక్స్ అనుమానం ఒకసారి, అది ఆపరేషన్ గుమ్మం దాకా వెళ్లి ఆగింది. అన్నిటి కిందా ఒకే ముక్క: నార్మల్ స్టడీ. కవరు అడుగున నాలుగు మడతలు పెట్టిన చీటీ మీద ఒక సైకియాట్రిస్టు పేరు ఉంటుంది. "నొప్పికన్నా భయమే ఎక్కువగా ఉందమ్మా మీ అమ్మాయికి, ఒకసారి చూపించండి" అని ఒక డాక్టరు రాసిచ్చిన చీటీ. పిన్ని చూపించలేదు. పెళ్లి కావలసిన పిల్ల కదా.

పదమూడో ఏట మొదలైన నొప్పికి పేరు దొరికేసరికి దానికి ఇరవై నాలుగు నిండాయి. ఎండోమెట్రియోసిస్ అని తేలిన సాయంత్రం నాకు ఫోన్ చేసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. "అక్కా, నాకు నిజంగానే జబ్బుందట" అంది, ఉద్యోగం వచ్చిందని చెప్పినట్టు.

జబ్బుందని తెలిసి మనిషి అంత తేలికపడిందంటే, అన్నేళ్లూ ఏం మోసుకు తిరిగిందో ఆలోచించాలి. ఈ జబ్బు గురించీ మనసు గురించీ కలిపి రాయాలనిపించింది ఆ ఫోన్ తర్వాతే. అయితే కలిపి రాయడంలో ఒక చిక్కు ఉంది. "దీనికీ మనసుకీ సంబంధం ఉంది" అని ఇలా అంటామో లేదో, "చూశావా, నేను చెప్పలేదూ, అంతా నీ మనసులోనే ఉంది" అని ఇంట్లో ఎవరో ఒకరు అందుకుంటారు. ఈ రెండు మాటలూ ఒకటి కావు. ఎందుకు కావో తెలియాలంటే ముందు జబ్బు సంగతి కొంచెం చూడాలి.

గర్భసంచి లోపలి పొర నెలనెలా మందంగా పెరిగి, గర్భం నిలవకపోతే ఊడి రక్తంతో పాటు బయటికి పోతుంది. దాన్ని పోలిన కణజాలమే గర్భసంచి బయట, అంటే అండాశయాల మీదో, పొత్తికడుపు లోపలి పొర మీదో, పేగుల మీదో, మూత్రాశయం మీదో పెరిగితే అది ఎండోమెట్రియోసిస్. హార్మోన్లు చెప్పినట్టల్లా అదీ ఆడుతుంది. ఉబ్బుతుంది, రక్తం కారుస్తుంది. కాకపోతే ఆ రక్తానికి బయటికి దారి లేదు. అక్కడే నిలిచి వాపు తెస్తుంది, మచ్చ కడుతుంది, పక్కపక్కన ఉన్న అవయవాలను ఒకదానికొకటి అతికించేస్తుంది. అండాశయంలో చేరిన పాత రక్తం ముదురు గోధుమరంగులో చిక్కగా ఉంటుంది కాబట్టి దాన్ని చాక్లెట్ సిస్ట్ అంటారు. ఇంత ఏడిపించేదానికి అంత తియ్యటి పేరు ఎవరికి తట్టిందో గానీ.

నెలసరి రక్తం కొంత వెనక్కి, ఫెలోపియన్ ట్యూబుల గుండా కడుపులోకి పోవడం వల్ల ఇది వస్తుందని 1927లో సాంప్సన్ అనే అమెరికన్ డాక్టరు ప్రతిపాదించాడు. ఆ మాట ఇప్పటికీ నిలబడే ఉంది, కానీ సగమే. అలా వెనక్కి పోవడం చాలామంది ఆడవాళ్లలో జరిగేదే, జబ్బు మాత్రం కొందరికే వస్తుంది. ఆ కొందరు తక్కువేం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన నెలసరి వచ్చే వయసులో ఉన్నవాళ్లలో దాదాపు 10 శాతం, అంటే ప్రపంచవ్యాప్తంగా సుమారు 19 కోట్ల మంది.

మనసు సంగతికి వెళ్లే ముందు గుర్తుపెట్టుకోవలసింది ఒకటుంది. ఈ జబ్బులో కంటికి కనబడేదానికీ ఒంటికి తెలిసేదానికీ లెక్క కుదరదు. జబ్బును 1 నుంచి 4 దాకా స్టేజీలుగా విడగొడతారు. స్టేజ్ 4 ఉన్నావిడ పిల్లల కోసం పరీక్షలు చేయించుకునేదాకా తనకు ఏదో ఉందనే తెలియకుండా తిరగొచ్చు. స్టేజ్ 1 అమ్మాయి బాత్రూం గచ్చు మీద ముడుచుకుని పడి ఉండొచ్చు. మామూలు అల్ట్రాసౌండ్‌లో చాక్లెట్ సిస్ట్ అయితే దొరుకుతుంది, పొర మీద అక్కడక్కడా ఉండే చిన్న చిన్న మచ్చలు దొరకవు. దానికి తోడు, పెళ్లికాని అమ్మాయిలకు మన దగ్గర సాధారణంగా పొట్ట మీద నుంచే స్కాన్ చేసి పంపిస్తారు. ఏడు రిపోర్టులూ నార్మల్ అని రావడంలో వింతేమీ లేదు. ఆ నార్మల్ అన్న మాటను ఇంట్లోవాళ్లు ఎలా చదివారన్నదే అసలు కథ.

ఇక ముడి సంగతి. ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్లలో డిప్రెషన్, యాంగ్జైటీ ఎక్కువగా కనిపిస్తాయని ఇప్పుడు గట్టిగానే చెప్పొచ్చు. స్వీడన్‌లో దేశమంతటి వైద్య రికార్డులు తిరగేసి 2020లో ఒక పరిశోధన ప్రచురించారు. ఈ జబ్బు ఉన్నవాళ్లను జబ్బు లేని సొంత అక్కచెల్లెళ్లతో కూడా పోల్చారు. ఒకే ఇల్లు, ఒకే తిండి, చాలావరకు ఒకే పెంపకం. అయినా తేడా కనిపించింది. ఇంకో సంగతీ బయటపడింది: ఎండోమెట్రియోసిస్ తేలినవాళ్లకు తర్వాత మానసిక సమస్యలు రావడం ఎంత నిజమో, ముందే మానసిక సమస్యలు ఉన్నవాళ్లకు తర్వాత ఎండోమెట్రియోసిస్ తేలడమూ అంతే నిజం. దారి రెండువైపులా ఉంది.

ఇక్కడే "చూశావా" అనేవాళ్లకు పట్టు దొరికినట్టు అనిపిస్తుంది. దిగులే ముందట కదా అంటారు. ఆగండి. నొప్పి పదమూడో ఏట వచ్చి, దిగులు పద్దెనిమిదో ఏట వచ్చి, జబ్బు పేరు ఇరవై నాలుగో ఏట రాస్తే రికార్డులో దిగులే ముందు పడుతుంది. కాగితం మీది తేదీ రోగం పుట్టిన తేదీ కాదు. అలాగని తేదీలతోనే అంతా తేలిపోదు, జన్యువుల సంగతి కూడా ఉంది. బ్రిటన్‌లో లక్షల మంది ఆరోగ్య, జన్యు వివరాలు భద్రపరిచిన యూకే బయోబ్యాంక్ సమాచారంతో 2023లో ఒక పరిశోధన వచ్చింది. ఎండోమెట్రియోసిస్ ఉన్న 8 వేల పైచిలుకు ఆడవాళ్లను, లేని సుమారు 1.94 లక్షల మందిని పక్కపక్కన పెట్టి చూశారు. దీర్ఘకాలపు నొప్పిని లెక్కలోంచి పక్కకు తీసినా డిప్రెషన్, యాంగ్జైటీ, తిండికి సంబంధించిన రుగ్మతలతో సంబంధం మిగిలే ఉంది, జన్యువుల స్థాయిలో కూడా. అంటే కొందరిలో ఈ రెంటికీ వేరు ఒకే చోట ఉండొచ్చు. మామిడిచెట్టుకు ఒక కొమ్మ ఇటూ ఒక కొమ్మ అటూ పోయినట్టు. ఏ కొమ్మ ఏ కొమ్మను పుట్టించింది అని అడిగితే ఏం చెబుతాం?

కానీ రోజువారీ బతుకులో ఎక్కువ బరువు నొప్పిదే. ఇటలీలో 2015లో చేసిన ఒక అధ్యయనం నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. ఎండోమెట్రియోసిస్ ఉండి నొప్పి ఉన్నవాళ్లు, ఎండోమెట్రియోసిస్ ఉన్నా నొప్పి లేనివాళ్లు, అసలు జబ్బే లేనివాళ్లు అని మూడు గుంపులు చేశారు. మనసు కుంగింది నొప్పి ఉన్నవాళ్లలో. నొప్పి లేనివాళ్ల మనసు, జబ్బు లేనివాళ్ల మనసు ఇంచుమించు ఒకటే. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు 2012లో మెదడు స్కాన్లతో చేసిన పనిలోనూ ఇలాంటిదే తేలింది. దీర్ఘకాలం కటి భాగంలో, అంటే పొత్తికడుపు అడుగున, నొప్పి ఉన్న ఎండోమెట్రియోసిస్ రోగుల్లో, నొప్పిని పట్టించుకునే మెదడు భాగాల్లో నరకణాలు గుమిగూడి ఉండే బూడిదరంగు పదార్థం తగ్గి కనిపించింది. జబ్బు ఉండి నొప్పి లేనివాళ్లలో ఆ మార్పు లేదు.

నొప్పి ఏళ్ల తరబడి ఉంటే నరాల వ్యవస్థే మారిపోతుంది. పదేపదే దొంగలు పడ్డ ఇంట్లో ఎలుక కదిలినా అందరూ లేచి కూర్చుంటారే, అలాగ. మొదట్లో నెలకు రెండు రోజులుండే నొప్పి తర్వాత నెలసరికి వారం ముందే మొదలవుతుంది, ఆ తర్వాత మామూలు రోజుల్లోనూ ఉంటుంది. మూత్రానికి వెళ్తే, మలవిసర్జనకు వెళ్తే, బస్సు గుంతలో పడితే కూడా పొడుచుకొస్తుంది. గడ్డ ఆపరేషన్ చేసి తీసేసినా కొందరికి నొప్పి మిగలడానికి ఇదొక కారణం. నిద్ర పోతుంది. నిద్ర లేని మనిషికి నొప్పి ఇంకా ఎక్కువ తెలుస్తుంది, దిగులు ఇంకా తొందరగా పట్టుకుంటుంది. అప్పుడు "మనసు వల్ల నొప్పి పెరిగింది" అన్న మాటలో కొంత నిజం ఉంటుంది కూడా. నొప్పిని కొలిచేదీ దిగులు పడేదీ ఒకే మెదడు. పెరగడం వేరు, లేనిది పుట్టడం వేరు.

వాపు గురించీ చెబుతున్నారు: ఒంట్లో ఏళ్ల తరబడి రగిలే వాపు రసాయనాలు మెదడు మీదా పని చేస్తాయని. ఎలుకల్లో దీనికి ఆధారాలు దొరికాయి. మనుషుల్లో ఇంకా పూర్తిగా తేలలేదు కాబట్టి దాన్ని అక్కడికి వదిలేస్తున్నాను.

మందుల సంగతి మాత్రం వదలను, ఎందుకంటే చీటీ రాసేటప్పుడు చాలామందికి చెప్పని ముక్క ఇది. మన దగ్గర ఎండోమెట్రియోసిస్‌కు ఎక్కువగా రాసే మాత్ర డయనోజెస్ట్, రోజుకు 2 మిల్లీగ్రాములు. చాలామందికి నొప్పి బాగా తగ్గిస్తుంది. కానీ మూడ్ కుంగడం దాని దుష్ప్రభావాల జాబితాలో ఉంది. గతంలో డిప్రెషన్ ఉన్నవాళ్లను జాగ్రత్తగా గమనించమని కూడా ఉంటుంది. ల్యూప్రోలైడ్ లాంటి ఇంజెక్షన్లు అండాశయాలను నిద్రపుచ్చి తాత్కాలికంగా మెనోపాజ్ తెస్తాయి. ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, చిరాకు, ఏడుపు అన్నీ ఇరవై ఆరేళ్లకే. అమెరికాలో 2018లో అనుమతి పొందిన ఎలగోలిక్స్ అనే మాత్ర మీదైతే ఆత్మహత్య ఆలోచనల గురించి హెచ్చరికే రాసి ఉంటుంది. ఇదంతా మందులు మానేయమని చెప్పడం కాదు. ఎవరూ తమంతట తాము ఆపకూడదు. మాత్ర మొదలుపెట్టిన రెండో నెలలో కారణం లేకుండా ఏడుపొస్తే, "నాకు పిచ్చెక్కుతోంది" అనుకోకుండా "మాత్ర మారిస్తే పోతుందేమో" అని అడగగలిగేందుకు. ఆ ఒక్క మాట ముందే చెప్పడానికి డాక్టరుకు అర నిమిషం పడుతుంది.

ఇప్పుడు మనం పేనిన పోగు దగ్గరికి వద్దాం. నమ్మకపోవడం.

దీనికి చరిత్ర పెద్దదే. హిస్టీరియా అన్న మాట గ్రీకులో గర్భసంచిని చెప్పే మాట నుంచే వచ్చింది. కడుపు పట్టుకుని మెలికలు తిరిగే ఆడమనిషి కనబడితే శతాబ్దాలపాటు ఆ ముద్రే వేశారు. అలా ముద్రపడ్డవాళ్లలో ఎంతోమందికి ఉన్నది ఎండోమెట్రియోసిసే అయ్యుండొచ్చని నెజాత్ సోదరులనే సర్జన్లు 2012లో పాత గ్రంథాలన్నీ వెతికి వాదించారు. చచ్చినవాళ్లకు లాపరోస్కోపీ (పొట్టకు చిన్న గాటు పెట్టి కెమెరాతో లోపల చూడడం) చెయ్యలేం కాబట్టి రుజువు కాదు, కానీ కొట్టిపారెయ్యలేని వాదన. పాతకాలం సంగతి అనుకునేరు. 2013లో ఒక పేరున్న వైద్య పత్రికలో, తీవ్రమైన ఎండోమెట్రియోసిస్ ఉన్న ఆడవాళ్లు మిగతావాళ్లకన్నా అందంగా ఉంటారా అని ఒక పరిశోధన అచ్చయింది. దాన్ని రచయితలు వెనక్కి తీసుకున్నది 2020లో. ఏడేళ్లు. నొప్పికి మందు వెతకవలసిన చోట అందానికి మార్కులు వేస్తూ కూర్చున్నారన్నమాట.

మన ఇళ్లలో హిస్టీరియా అనరు. "ఆ మాత్రం ఓర్చుకోలేవా" అంటారు. మజ్జిగలో మెంతులు మింగిస్తారు, వాము నీళ్లు తాగిస్తారు, కాపడం పెడతారు, మందుల షాపు నుంచి మెఫెనమిక్ యాసిడ్ అనే నొప్పి మాత్రల స్ట్రిప్పు తెప్పిస్తారు. ప్రేమ లేక కాదు. "మాకూ ఇలాగే ఉండేది, పెళ్లయితే అదే తగ్గుతుంది" అనే పెద్దావిడ అబద్ధం చెప్పడం లేదు. ఆవిడకూ ఇదే జబ్బు ఉండి ఉండొచ్చు. తల్లికో అక్కచెల్లెళ్లకో ఉంటే వచ్చే అవకాశం ఎక్కువ కూడా. అందుకే ఒక ఇంట్లో మూడు తరాలు ఇలాగే మెలికలు తిరిగితే ఆ ఇంట్లో అది నార్మల్ అయిపోతుంది.

మా చెల్లెలు చెప్పింది: "పరీక్ష రోజు నొప్పి వస్తే నాటకం అన్నారక్కా. అందుకని పెళ్లిళ్ల రోజు కూడా నొప్పి వచ్చిందని చెప్పేదాన్ని, పరీక్షలకే రావడం లేదని వాళ్లకు తెలియాలి కదా." పదిహేనేళ్ల పిల్ల తన నొప్పికి సాక్ష్యాలు పోగుచేసుకుంటోంది! కొన్నాళ్లకు తన మీద తనకే అనుమానం వచ్చిందట, నిజంగా నొస్తోందా, నేనే ఎక్కువ చేసుకుంటున్నానా అని. ఒంటి మాటను తానే నమ్మలేని స్థితికి వచ్చాక ఆందోళన కాక ఇంకేం వస్తుంది? ప్రపంచంలో చాలా చోట్ల ఈ జబ్బు పేరు తేలడానికి ఏళ్లు పడుతుంది, ఏడెనిమిదేళ్లు మామూలు. ఆ ఏళ్లను మనం ఆలస్యం అంటాం. మనసు లెక్కలో అవి ఉత్త ఎదురుచూపు ఏళ్లు కావు, రోజూ ఎవరో ఒకరు "నీకేం లేదు" అని చెప్పిన ఏళ్లు.

పెళ్లయ్యాక ఈ పోగు ఇంకా బిగుస్తుంది. కలయికలో నొప్పి ఈ జబ్బు ముఖ్య లక్షణాల్లో ఒకటి. దాన్ని ఏ భాషలో చెప్పాలి, ఎవరికి చెప్పాలి? ఆవిడకు ఇష్టం లేదేమోనని భర్తకు అనిపిస్తుంది, ఆవిడకు తప్పు చేసినట్టుంటుంది. ఏడాది తిరిగేసరికి "విశేషం ఏమైనా ఉందా" మొదలు. ఈ జబ్బు ఉన్నవాళ్లలో మూడోవంతు నుంచి సగం మంది దాకా గర్భం దాల్చడంలో ఇబ్బంది పడతారని అంచనా. అంటే కనీసం సగం మంది పడరు, అది చెప్పేవాళ్లు తక్కువ. "పిల్లలు పుడితే అదే తగ్గిపోతుంది" అని చెప్పేవాళ్లు ఎక్కువ. గర్భంతో ఉన్నన్నాళ్లు నెలసరి ఉండదు కాబట్టి కొందరికి తెరిపి ఉంటుంది, అది వైద్యం కాదు. బిడ్డను మందు చీటీలో రాయకూడదు.

ఇంకో మాట కూడా మన రెండు రాష్ట్రాల్లో బాగా వినబడుతుంది: "పిల్లలయ్యారుగా, సంచి తీయించేసుకో." జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019–21లో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం చిల్లర అయితే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 8 శాతం పైనే. అందరూ ఎండోమెట్రియోసిస్ వాళ్లు కారు, తెల్లబట్టకీ రక్తస్రావానికీ కూడా తీసేస్తున్నారు. కానీ ఎండోమెట్రియోసిస్ ఉన్నది గర్భసంచి బయట అన్న సంగతి గుర్తుంటే, సంచి ఒక్కటీ తీస్తే ఏమవుతుందో ఊహించొచ్చు. మచ్చలు మిగిలితే నొప్పి మిగులుతుంది. సంచితో పాటు అండాశయాలూ తీసేస్తే ముప్పై అయిదేళ్లకే మెనోపాజ్, దాని వెంట నిద్ర, మూడ్, ఎముకలు. కొందరికి ఆ ఆపరేషన్ నిజంగా అవసరమవుతుంది. అయితే "ఇక అయిపోయింది" అనుకుని బల్ల ఎక్కినావిడ ఆరు నెలలకు అదే నొప్పితో లేచిందంటే, ఇక ఆవిడను నమ్మేవాళ్లు ఎవరూ మిగలరు. "ఉన్నది తీసేశారు కదా, ఇంకెక్కడి నొప్పి?"

మరి ఏం చెయ్యాలి? ఒకటి తేలికైంది ఈమధ్యే. ఇదివరకు లాపరోస్కోపీ చేసి కళ్లతో చూస్తే తప్ప ఎండోమెట్రియోసిస్ అనేవాళ్లు కాదు. 2022లో యూరప్ సంతాన వైద్య నిపుణుల సంస్థ తన మార్గదర్శకాలు మార్చింది. లక్షణాలను బట్టి అనుమానం బలంగా ఉంటే, స్కాన్‌లో కనబడకపోయినా మందులతో మొదలుపెట్టొచ్చు, ప్రతి ఒక్కరినీ కోయక్కర్లేదు అని. పెళ్లికాని అమ్మాయిలకు ఇది పెద్ద ఊరట. రిపోర్టు నార్మల్ అని వచ్చినా "అయినా నొప్పి ఉంది, ఎండోమెట్రియోసిస్ అయ్యుండొచ్చా?" అని పేరు పెట్టి అడగండి. నెలసరి నొప్పికి బడి, ఆఫీసు మానాల్సి రావడం నార్మల్ కాదు.

సైకియాట్రిస్టు దగ్గరికి పంపడం తప్పా? కాదు. గైనకాలజిస్టు చేతులు దులుపుకుని పంపితే తప్పు, ఇద్దరూ కలిసి చూస్తే అదే సరైన వైద్యం. డులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్ లాంటి మాత్రలు డిప్రెషన్ మందులే అయినా, నరాల్లో నొప్పి సంకేతాలను తగ్గించడానికి నొప్పి డాక్టర్లు కూడా వాడతారు. చీటీలో ఆ పేరు చూసి గూగుల్ చేసి "నన్ను పిచ్చిదాన్ననుకుంటున్నారు" అని బెంగపడొద్దు, ఎందుకు రాశారో అడగండి. మాటలతో చేసే చికిత్స గడ్డను కరిగించదు. నొప్పితో పాటు బతుకును మళ్లీ చేతిలోకి తీసుకోవడానికి పనికొస్తుంది, ఆ మేరకు ఆశిస్తే నిరాశ ఉండదు. కటి కండరాలు ఏళ్ల తరబడి బిగుసుకుపోయినవాళ్లకు దానికోసమే ఫిజియోథెరపీ ఉంది. బతకాలని లేదనే ఆలోచన వస్తే వచ్చే అపాయింట్‌మెంటు దాకా ఆగొద్దు. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416, డబ్బు ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

మా చెల్లెలు చేసిన పని చాలా చిన్నది. వంటగదిలో పాలలెక్క రాసుకునే గోడ క్యాలెండరు ఇంకొకటి కొని, గదిలో తలుపు వెనక తగిలించింది. నొప్పి రోజుకు ఎర్ర చుక్క, ఏడుపొచ్చిన రోజుకు నీలం చుక్క, నిద్రపట్టని రాత్రికి గీత. డయనోజెస్ట్ మొదలైన నెల నుంచి ఎర్ర చుక్కలు పలచబడ్డాయి. రెండు నెలలకు నీలం చుక్కలు ముసిరాయి, నెలసరితో నిమిత్తం లేకుండా. అప్పటిదాకా ఇంట్లో అందరూ అనుకున్నది నొప్పి తగ్గినా పిల్ల దిగులు పోలేదని, అంటే మొదటి నుంచీ అది దిగులేనని.

పోయిన నెల ఆ క్యాలెండరును మేకు మీంచి తీసి, చుట్టచుట్టి, రబ్బరు బ్యాండ్ వేసి కొత్త డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ప్లాస్టిక్ కవరు కూడా వెంట ఉంది గానీ ఆవిడ దాన్ని పక్కన పెట్టిందట. క్యాలెండరును బల్ల మీద పరిచి, మూలలు లేవకుండా స్టెతస్కోపు ఒకవైపు, పేపర్ వెయిట్ ఒకవైపు పెట్టి, పేజీలు ఒక్కొక్కటే తిప్పి, జూన్ దగ్గర వేలు ఆపి, "ఇక్కడ ఏం మారిందమ్మా?" అని అడిగిందట.